ఎప్పుడు ఆగింది, ఎలా ఆగింది?

దుమ్ముగూడెం మండలంలో తునికాకు కట్టలైనా, యూరియా బస్తాలైనా, మిర్చి కోతకు వెళ్లే కూలీలైనా ఇంటికీ చేనుకీ మధ్య తిరిగేది చాలావరకు పాత స్ప్లెండర్ల మీదా, ఆయిల్ కలిపి పెట్రోల్ పోసే టీవీఎస్ ఎక్సెల్‌ల మీదా. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధన అమల్లోకి వచ్చాక కొత్త బళ్లలో చాలావాటికి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. అంతకుముందు కొన్న కార్బొరేటర్ బళ్లు మాత్రం గూడేల దారుల్లో ఇంకా బరువు మోస్తూనే ఉన్నాయి. వాటిలో ఒకటి మొరాయిస్తే ఆ పూట కూలి పోయినట్టే. అందుకే చర్ల రోడ్డు పక్క రేకుల షెడ్డులో కూర్చున్న మెకానిక్ పనితనం గురించి రాయాలనిపించింది.

పని తెలిసిన మెకానిక్ ముందు పానా పట్టుకోడు, అడుగుతాడు. "పొద్దున చల్ల మీద ఎత్తుకుంటలేదా అన్నా, తిరిగొచ్చినాక వేడి మీదనా? స్లోలో ఆగిపోతుందా, రేజ్ ఇస్తే గుంజుకుంటుందా?" సగం రోగం ఈ జవాబుల్లోనే దొరుకుతుంది. స్లోలో ఆగిపోతూ, రేజ్ ఇస్తే బాగానే పోతోందంటే స్లో జెట్టు మూసుకుందని అనుమానం. స్లో బాగుండి, ఫుల్ రేజ్‌లో గొంతు పట్టేస్తే మెయిన్ జెట్టు చూడాలి. కొంతదూరం పోయి ఆగి, కాసేపు నిలబెడితే మళ్లీ స్టార్ట్ అవుతోందంటే ముందు ట్యాంకు మూత తీసి చూడాలి. తీయగానే 'స్స్' మని గాలి లోపలికి పీల్చుకుంటే దోషం కార్బొరేటర్‌లో లేదు. మూతకున్న గాలి రంధ్రం దుమ్ముతో పూడిపోయి పెట్రోల్ కిందికి దిగడం లేదన్నమాట. పిన్నీసుతో పోయే పని అది. దానికి కార్బొరేటర్ మొత్తం విప్పి, కొత్త కిట్టు వేసి డబ్బులు తీసుకునే షెడ్లూ ఉన్నాయి. నాకు కోపం వచ్చేది అక్కడే.

తర్వాత కరెంటు, పెట్రోలు, కంప్రెషన్. వరస తప్పకూడదు. ప్లగ్గు తీసి, క్యాప్‌లో పెట్టి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఇంజన్‌కు ఆనించి కిక్కు కొడితే నీలం నిప్పురవ్వ చిటపటమనాలి. ఎర్రగా, నీరసంగా వస్తే కాయిలో, వైరో, ప్లగ్గో బలహీనంగా ఉంది. ప్లగ్గు మూతి రంగు కూడా చదవాలి. ఇటుక రంగులో ఉంటే మిశ్రమం సరిగ్గా ఉంది. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా కాలి ఉంటే తక్కువ. పెట్రోల్‌తో తడిసి ఉంటే ఇంధనం వస్తోంది గానీ మండటం లేదు. ప్లగ్గు మొనల మధ్య సందు చాలా బళ్లకు 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు. గేజ్ లేని షెడ్డులో హ్యాక్సా బ్లేడు ముక్క దూర్చి చూస్తారు. ఆ బ్లేడు మందం దాదాపు 0.63 మిల్లీమీటర్లు. కొలత తెలిసే చేశారో, అనుభవం మీద పట్టుకున్నారో గానీ లెక్క మాత్రం సరిపోయింది.

స్లోలో ఇంజన్ ఒకసారి పైకి లేచి, ఒకసారి పడిపోతూ ఊగుతుంటే దొంగగాలి తీసుకుంటోందేమో చూడాలి. కార్బొరేటర్‌కూ ఇంజన్‌కూ మధ్యనున్న రబ్బరో ప్యాకింగో చిట్లి ఉంటుంది. దీనికొక పరీక్ష ఉంది. ఎయిర్ ఫిల్టర్ గొట్టం తీసేసి, కార్బొరేటర్ నోటికి అరచెయ్యి సగం అడ్డుపెడతారు. ఇంజన్ కుదుటపడితే గాలి ఎక్కువైనట్టు, పెట్రోలు చాలనట్టు. గొంతు మూసుకుపోతే పెట్రోలే ఎక్కువైంది. గాలి ఎక్కువైనట్టు తేలితే, చోటు పట్టుకోవడానికి కాసిని నీళ్లు తప్ప మరేమీ ఖర్చు కాదు: ఆ అతుకు మీద నీళ్లు చల్లితే ఊగుడు మారిందంటే పగులు అక్కడే.

జెట్టు శుభ్రం చేసేటప్పుడు మాత్రం చాలామంది తప్పు చేస్తారు. క్లచ్ వైరు పోగు దూర్చి పొడుస్తారు. జెట్టు ఇత్తడిది, మెత్తన. ఆ పోగు ఉక్కుది. మిల్లీమీటరు కూడా లేని రంధ్రం అరిగి వెడల్పయితే, ఆ బండి ఇక మైలేజీ ఇవ్వదు, పొగ మానదు. గాలి కొట్టాలి, తప్పనిసరైతే కరెంటు తీగలోని సన్నని రాగి పోగు వాడాలి. ట్యాపెట్ల సంగతీ అంతే. శబ్దం రాకపోతే మంచిదనుకుని బిగించేస్తారు. వేడెక్కి సాగాక వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ జారిపోతుంది. వేడి మీద ఎత్తుకోని బండికి ఇది పెద్ద కారణం. కొంచెం టికటిక వినపడే ట్యాపెట్టే ఆరోగ్యం.

టూ స్ట్రోక్ ఎక్సెల్ బరువుతో ఎత్తు ఎక్కలేకపోతే సైలెన్సర్ వైపు చూడాలి. ఆయిల్ మసి గట్టిపడి పొగ దారి ఇరుకైతే కార్బొరేటర్‌ను ఎంత తిప్పినా లాభం లేదు. సైలెన్సర్ విప్పి లోపలి బొగ్గు కాల్చి, దులపాలి.

ఇక్కడి ఇంజన్లకు అసలు శత్రువు నీళ్లు. గూడేల్లో సీసాల్లో అమ్మే పెట్రోల్‌లో ఏం కలిసిందో చెప్పలేం. ఇప్పుడు దానికి ఇథనాల్ తోడైంది. పెట్రోల్ పూర్తిగా మండటానికి బరువులో దాదాపు 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 పాళ్లు చాలు. ఇంజెక్షన్ బండి సెన్సర్‌తో తనే సర్దుకుంటుంది. పాత కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు కాబట్టి 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్‌తో మిశ్రమం పలచబడి, చలికాలం పొద్దున సతాయిస్తుంది. పైగా ఇథనాల్ తేమను లాక్కుంటుంది, నీరు మోతాదు మించితే రెండూ కలిసి ట్యాంకు అడుక్కి దిగుతాయి. కార్బొరేటర్ అడుగు స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి కాస్త పట్టి వెలుతురులో చూస్తే అడుగున వేరే పొర తెలిసిపోతుంది. అప్పుడు ట్యాంకు ఖాళీ చేయడమే మందు. మిశ్రమం పలచబడితే మాత్రం ఇంజన్ బాగా వేడెక్కాక ఎయిర్ స్క్రూను పావు తిప్పు చొప్పున తిప్పుతూ, చప్పుడు పైకి లేచిన చోట ఆపి, స్లో స్క్రూతో దించుకోవాలి. ఒకసారికి ఒకటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు! అలాంటి వరదలో మునిగిన బండిని బయటికి తీయగానే కిక్కు కొట్టడమే ప్రమాదం. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు ప్లగ్గు తీయాలి, తర్వాత మెల్లగా కిక్కు తొక్కి నీళ్లు బయటికి చిమ్మనివ్వాలి. ట్యాంకు, కార్బొరేటర్ గిన్నె ఖాళీ చేయాలి. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్లు చేరినట్టే, ఆ రంగు పోయేదాకా ఆయిల్ మార్చాలి. ఫిల్టర్ ఆరాకే ప్లగ్గు పెట్టాలి. బండి మునిగిన ఇంట్లో ఈ వరస ఒక్కరికి తెలిసినా ఇంజన్ దక్కుతుంది.