హెడ్ దించే ముందు అడగాల్సిన ప్రశ్న

పాత డీజిల్ పికప్ హీటెక్కుతోందని షెడ్డుకు తీసుకెళ్తే, బానెట్ ఎత్తీ ఎత్తకముందే "హెడ్ దించాల్సిందే" అని, అంటే సిలిండర్ హెడ్ విప్పాల్సిందేనని, అనేసే మెకానిక్కులున్నారు. చేయి తిరిగిన మేస్త్రి అలా అనడు. పానా పట్టుకోక ముందు ఒక ప్రశ్న అడుగుతాడు: "ఎప్పుడు హీటెక్కుతోంది?" ఖాళీగా ఉన్నప్పుడా, లోడు మీదా? ట్రాఫిక్‌లో ఆగినప్పుడా, హైవే మీదా? స్టార్ట్ చేసిన పది నిమిషాలకా, ఘాట్ ఎక్కేటప్పుడా? విజయవాడ ఆటోనగర్‌లోనూ, ఊరూరా బస్టాండు పక్క షెడ్లలోనూ మేస్త్రి దగ్గర పానాలందించే కుర్రాడు చూసి నేర్చుకుంటూ వచ్చిన విద్య ఇది. దీన్ని పుస్తకంలో రాసినవాళ్ళు తక్కువ. నా దృష్టిలో బండి యజమానికి ఏ కొత్త విడిభాగం కంటే ఈ ప్రశ్నే ఎక్కువ డబ్బు మిగులుస్తుంది. ఎందుకంటే వేడెక్కడం జబ్బు లక్షణం మాత్రమే. ఒకే లక్షణం వెనక పది కారణాలుండొచ్చు. వాటిలో సగం పైగా హెడ్ జోలికి పోకుండానే సరిచేయగలిగినవి.

ఇంజన్‌లో కాలిన డీజిల్ ఇచ్చే వేడిలో సుమారు మూడో వంతే చక్రాలు తిప్పే పనికొస్తుంది. ఇంచుమించు మరో వంతు సైలెన్సర్ గుండా పోతుంది. మిగిలిన దాన్లో చాలా భాగాన్ని మోసుకెళ్ళాల్సింది రేడియేటర్ నీళ్ళే. ఆ పని సాగాలంటే నీళ్ళు తిరగాలి, రేడియేటర్‌లోంచి గాలి దూరిపోవాలి, లోపల ఒత్తిడి నిలబడాలి. మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. మామూలు గాలి ఒత్తిడిలో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. రేడియేటర్ మూత 0.9 బార్ ఒత్తిడి ఆపగలిగితే 118 డిగ్రీల దాకా మరగవు. మూత అడుగున రబ్బరు వాషర్ ఎండి పగిలినా, స్ప్రింగు పట్టు తప్పినా ఆ 18 డిగ్రీల వెసులుబాటు పోతుంది. మంచి ఇంజన్ కూడా నీళ్ళు కక్కుతుంది. ఇంత చిన్న మూతను వదిలేసి వేల రూపాయల పని మొదలుపెట్టడంలో అర్థం లేదు.

ఇప్పుడు ఆ ప్రశ్న ఎలా పని చేస్తుందో చూడాలి. రోడ్డు మీద 60 వేగంలో బాగానే ఉండి, సంతలోనో రైల్వే గేటు దగ్గరో ఆగితే వేడి మీటరు ముల్లు పైకి లేస్తోందంటే లోపం గాలి వైపు ఉన్నట్టు. బండి కదులుతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఆగినప్పుడు ఫ్యాన్ ఒక్కటే దిక్కు. ఫ్యాన్ బెల్టు వదులైందా, ఫ్యాన్ చుట్టూ ఉండాల్సిన ప్లాస్టిక్ తొడుగు ఎప్పుడో విరిగితే తీసిపారేశారా, విస్కస్ ఫ్యాన్ క్లచ్‌లో సిలికాన్ ఆయిల్ కారిపోయిందా అని చూడాలి. క్లచ్ పోయిన ఫ్యాన్ వేడి ఇంజన్‌ను ఆపగానే చేత్తో తిప్పితే అడ్డు లేకుండా గిర్రున తిరుగుతుంది. మంచి దానికి కొంత బిగువు ఉంటుంది. అదే బండి ఆగినప్పుడు మామూలుగా ఉండి, లోడుతో దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడో, మారేడుమిల్లి మలుపుల్లోనో హీటెక్కితే అనుమానం నీళ్ళ వైపు పోవాలి. పూడుకుపోయిన రేడియేటర్ కోర్, సగమే తెరుచుకునే థర్మోస్టాట్, రెక్కలు అరిగిన వాటర్ పంపు, ఇవీ కారణాలు. ఇంకొకటుంది. ఇంజన్ వేగం పెంచినప్పుడు కింది హోస్ పైపును గమనించండి. లోపలి స్ప్రింగు తుప్పుపట్టి పోతే పంపు లాగే బలానికి ఆ పైపు నొక్కుకుపోతుంది. ఇంజన్ నెమ్మదించగానే మళ్ళీ ఉబ్బుతుంది. షెడ్డులో ఐడిలింగ్‌లో చూసినవాడికి ఇది ఎప్పటికీ కనపడదు. ఘాట్‌లోనే హీటెక్కే బండికి బ్రేకులు పట్టేసి ఉన్నాయేమో కూడా చూడాలి. కాసేపు నడిపి ఆపాక నాలుగు చక్రాల హబ్బుల దగ్గరా చేయి పెడితే, ఒకటి మిగతావాటి కంటే కాలుతుంటే ఇంజన్ అనవసరపు బరువు లాగుతున్నట్టే.

వీటన్నిటి కంటే ముందు, బండి నిజంగా హీటెక్కుతోందా లేక మీటరే అబద్ధం చెబుతోందా అన్నది తేల్చుకోవాలి. హెడ్‌లైట్లు వేయగానే ముల్లు ఒక్కసారిగా పైకి లేస్తే అది ఎర్త్ వైరు లోపం. నీళ్ళ వేడి ఒక్క క్షణంలో పదిహేను డిగ్రీలు పెరగదు.

మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే కారణాలు రెండు, దుమ్మూ నీళ్ళూ. వరి కోతల రోజుల్లో పొలం దారుల్లో తిరిగే పికప్ రేడియేటర్ రేకుల మధ్య ఊకా, గడ్డి పొట్టూ, పురుగులూ ఇరుక్కుంటాయి. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. వెనకనుంచి టార్చి వేస్తే వెలుతురు ఇవతలికి రాదు. ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో నీళ్ళు కొట్టాలి. ముందునుంచి వాటర్ సర్వీసింగ్ గన్ పెడితే చెత్త ఇంకా లోపలికి పోతుంది, రేకులు కూడా వాలిపోతాయి. ఇక లోపలి సంగతి. బోరు నీళ్ళలో సున్నం, లవణాలు ఎక్కువ. దారి పక్క బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి పోసిన రేడియేటర్ గొట్టాల్లోనూ, ఇంజన్ బ్లాక్ గోడలమీదా సున్నపు గార కడుతుంది. ఇనుము వేడిని దాటించే తీరుతో పోలిస్తే గార దాటించేది చాలా తక్కువ. అందుకే బయటికి రేడియేటర్ వెచ్చగానే ఉంటుంది, లోపల హెడ్ మాత్రం కాలిపోతుంటుంది. పాత పికప్పుల రాగి, ఇత్తడి రేడియేటర్లకు ఒక వరముంది. పై ట్యాంకు టంకం విప్పి, గొట్టాల్లో సన్నని రాడ్లు దూర్చి గార గీకి, మళ్ళీ టంకం వేస్తారు. దీన్ని రాడింగ్ అంటారు. ప్లాస్టిక్ ట్యాంకుల అల్యూమినియం రేడియేటర్లకు ఈ పని కుదరదు. రాడింగ్ తెలిసిన పనివాళ్ళు తగ్గిపోతున్న ఈ రోజుల్లో, రాగి రేడియేటర్‌ను తూకానికి అమ్మేసి చౌక అల్యూమినియంది బిగించుకోవడం తొందరపాటు పని.

మామూలు నీళ్ళు చాలవా, కూలెంట్ ఖర్చెందుకు అని డ్రైవర్లు అడుగుతారు. వాళ్ళ మాటలో కొంత నిజముంది. గ్లైకాల్ కలిపిన నీళ్ళ కంటే వట్టి నీళ్ళే ఎక్కువ వేడి మోస్తాయి. మనకు గడ్డకట్టే చలీ లేదు. కానీ మన ఎండల్లో కూలెంట్ కొనేది చలికోసం అనుకోకూడదు. అది మరిగే హద్దును పెంచుతుంది, తుప్పు పట్టనీయదు. వెట్ లైనర్లున్న, అంటే సిలిండర్ లైనర్లకు నేరుగా నీళ్ళు తగిలే డీజిల్ ఇంజన్లలో లైనరు అదురుకు నీళ్ళల్లో పుట్టే బుడగలు పేలి, దాని వెలుపలి గోడకు సన్నని గుంతలు పడతాయి. ఆ నష్టాన్ని తగ్గించేవీ కూలెంట్‌లోని మందులే. కొనే స్తోమత లేని రోజున కనీసం బోరు నీళ్ళు మాని శుద్ధిచేసిన నీళ్ళు పోయాలి.

థర్మోస్టాట్ విషయంలో నేను మేస్త్రీలందరితో ఏకీభవించను. "మన ఎండలకు అదెందుకు" అని తీసి పారేయడం చాలా షెడ్లలో అలవాటు. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకున్నాక, వేడి నీళ్ళు రేడియేటర్‌కు పోకుండా నేరుగా పంపుకు చేరే అడ్డదారిని మూసేస్తుంది. దాన్ని తీసేస్తే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అప్పుడు లోడు మీద బండి ఇంకా ఎక్కువ హీటెక్కొచ్చు. "నీళ్ళు మరీ వేగంగా పోయి చల్లబడే టైము దొరకదు" అని కొందరు చెప్పే కారణం మాత్రం సరికాదు, నీళ్ళు వేగంగా తిరిగితే వేడి బాగానే దిగుతుంది. పైగా థర్మోస్టాట్ లేక తక్కువ లోడులో అసలు వేడే ఎక్కని ఇంజన్ డీజిల్ ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. అనుమానముంటే థర్మోస్టాట్‌ను గిన్నెలో నీళ్ళల్లో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి కాయండి. 82 డిగ్రీలదైతే ఆ దరిదాపుల్లో తెరుచుకోవడం మొదలుపెట్టి, 95 దగ్గర పూర్తిగా తెరుచుకోవాలి. పదినిమిషాల పరీక్ష ఇది.

ఇక హెడ్ సంగతి. స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకే, నీళ్ళు ఇంకా వేడెక్కకముందే పై హోస్ రాయిలా బిగుసుకుంటే, బయట ఎక్కడా కారకుండానే నీళ్ళు తగ్గుతుంటే, అప్పుడు హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. అనుమానానికి రుజువు కావాలి. చల్లటి ఇంజన్‌కు థర్మోస్టాట్ తీసి, బెల్టు విప్పి, రేడియేటర్ అంచుదాకా నీళ్ళు నింపి, మూత లేకుండా ఒక్క నిమిషం మించకుండా నడపాలి. మొదట ఇరుక్కున్న గాలి రెండు మూడు బుడగలుగా వచ్చి ఆగిపోతుంది. యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ బుడగలు ధారగా వస్తూ, పొగ వాసన కొడితే గ్యాస్కెట్ పోయిందన్న మాట. నీలం రంగు టెస్ట్ ద్రవం దొరికితే ఇంకా నయం, మంట వాయువు తగిలితే అది రంగు మారుతుంది. అప్పుడు హెడ్ దించితే తప్పులేదు. దించాక స్కేలూ ఫీలర్ గేజీ పెట్టి వంపు చూసి, అవసరమైతే ఫేసింగ్ చేయించి (అడుగు చదును చేయించి), బోల్టులు మధ్యనుంచి బయటికి టార్క్ రెంచితో దఫదఫాలుగా బిగించాలి. చేతి అంచనాతో బిగించిన హెడ్ మళ్ళీ లేవడం ఖాయం.

ఇంత పరీక్షకు టైమెక్కడిది, రొయ్యల లోడు మంచు కరిగేలోపు చేరాలి కదా అంటారు. ఆ ఒత్తిడి నిజమే. అయినా పైన చెప్పినవన్నీ కలిపినా సగం పూట పని. హెడ్ పని అంటే బండి రోజుల తరబడి షెడ్డులో ఉంటుంది, అసలు లోపం రేడియేటర్‌లో ఉంటే ఆ కొత్త గ్యాస్కెట్ కూడా త్వరలోనే పోతుంది. స్కానర్ ఉంటే చేతి విద్యతో పనేమిటనేవాళ్ళకు చెప్పేదొకటే. ఈ పాత ఇంజన్లలో స్కానర్ తగిలించడానికి కంప్యూటరే లేదు. వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ మాత్రం తప్పక కొనదగ్గది. రేడియేటర్ మీద అడ్డంగా తిప్పితే పూడుకుపోయిన చోట చల్లగా చూపిస్తుంది. ఒకప్పుడు మేస్త్రి చేయి పెట్టి చెప్పినదాన్నే అంకెల్లో చెబుతుంది.

దారిలో ముల్లు ఎర్ర గీత దాటితే బండి పక్కకు ఆపండి, చల్లారేదాకా మూత ముట్టుకోకండి, కాలుతున్న ఇనుము మీద చన్నీళ్ళు పోయకండి. హెడ్ పగిలేది ఎక్కువగా ఆ తొందరలోనే. షెడ్డుకు చేరాక ఎప్పుడు, ఏ లోడుతో, ఎంత దూరానికి హీటెక్కిందో చెప్పండి. బుడగల పరీక్ష మీ కళ్ళముందు చేసి చూపించేదాకా హెడ్ దించడానికి ఒప్పుకోకండి.