గూడబాతుకు హారతి, గబ్బిలానికి రాయి

గూడబాతుల కోసం నేలపట్టు వెళ్ళేవారు దుర్భిణి మెడలో వేసుకుని తెల్లవారకముందే బయల్దేరతారు. పెద్ద గబ్బిలాల కోసం అంత దూరం పోనక్కర్లేదు. ఊరి చివర చింతచెట్టో మర్రిచెట్టో ఉంటే చాలు. అయినా దాని కింద తలెత్తి నిలబడేవారు అరుదు. పిట్టల్ని చూసే అలవాటున్నవారు కొన్ని సాయంత్రాలు గబ్బిలాలకూ ఇస్తే తెలిసొచ్చేది ఎంతో ఉంది.

గబ్బిలం రెక్కను కాస్త పరికించి చూస్తే అది చెయ్యే. బారుగా సాగిన వేళ్ళ మధ్య పల్చటి చర్మం పరుచుకుని ఉంటుంది. బొటనవేలు మాత్రం విడిగా, కొమ్మను పట్టుకు పాకడానికి వీలుగా వంకీ గోరుతో ఉంటుంది. బరువైన గూడబాతు నీళ్ళ మీద పరుగు తీసి గాల్లోకి లేవాలి. తలకిందులుగా వేలాడే గబ్బిలం కొమ్మ వదిలితే చాలు, ఎగిరినట్టే. వేసవి సాయంత్రాల్లో అది చెరువు మీదుగా వాలుగా వచ్చి పొట్ట తడుపుకుని పోతుంది. ఆ తర్వాత చెట్టుకు వేలాడి, తడి బొచ్చు నాక్కుంటూ దాహం తీర్చుకుంటుంది. గట్టున ఓపిగ్గా కూర్చున్నవారికే ఇది కనబడుతుంది.

పిల్లల పెంపకంలోనూ దారులు వేరు. గూడబాతు పిల్లలు తల్లిదండ్రుల గొంతు సంచిలోకి తల దూర్చి చేపలు తింటాయి. గబ్బిలం సాధారణంగా ఏడాదికి ఒక్క పిల్లనే కని, పాలిస్తూ, పొట్టకు కరుచుకోనిచ్చి మోస్తుంది. అందుకే చెదిరిన గుంపు తేరుకోవడానికి ఏళ్ళు పడుతుంది.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతుల్ని పురిటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. గబ్బిలానికి దక్కింది అపశకునమన్న పేరు. 1972 వన్యప్రాణి చట్టం సైతం పళ్ళు తినే గబ్బిలాలను ఎలుకలు, కాకులతో కలిపి హానికర జంతువుల జాబితాలో వేసింది. 2022 సవరణతో ఆ జాబితాయే పోయింది. ఇప్పపూలకు పరాగం మోసేది, మర్రి, రావి గింజల్ని ఊళ్ళు దాటించేది ఈ గబ్బిలాలే. గుడిలోకి రానివ్వని మనిషి మొరను శివుడికి చేర్చే దూతగా జాషువా 1941లోనే గబ్బిలాన్ని కావ్యానికెక్కించారు. చట్టం కంటే కవి ముందున్నాడు.

అలాగని గూడబాతుల్నైనా ఆదరణ ఒక్కటే కాపాడదు. 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ కొల్లేరు దగ్గర ఆరేడులో గూడబాతుల పెద్ద స్థావరాన్ని గుర్తించారు. తర్వాతి దశాబ్దాల్లో అది కనుమరుగైంది.

గబ్బిలాల నుంచి నిపా వైరస్ సోకుతుందన్న భయంతో ఇప్పుడు కొందరు అవి ఉండే చెట్లే కొట్టేస్తామంటున్నారు. గబ్బిలం కొరికిన పండు తినకూడదు, నిజమే. చెట్టు మీద గొడ్డలి వేస్తే ఆ గుంపు మరో ఊరికి పోతుందే తప్ప భయం తీరదు. తమిళనాడులో కొల్లుకుడిపట్టి వాసులు పక్షులు బెదరకూడదని దీపావళికి టపాసులు కాల్చరు. మీ ఊళ్ళో గబ్బిలాల చెట్టుంటే ఈ దీపావళికి దానికీ ఆ మర్యాద చేయండి.