గోరంత చిప్పులో మళ్లూ గట్లూ

గద్వాల బజారులో ఒక మొబైల్ దుకాణం. గాజు బల్ల మీద ఒకావిడ కొత్త ఫోను, పాత ఫోనులోంచి తీసిన మెమరీ కార్డు పెట్టింది. కొత్త ఫోనులో వేస్తే ‘కార్డు పాడైంది’ అని వస్తోందట. దుకాణంలో కుర్రాడు కార్డును గోటి మీద నిలబెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

“అక్కా, చిప్పు ఫార్మాట్ కొట్టాలె. లోపల ఫోటోలు ఏమన్న ఉన్నయా?”

“ఏం లేవు. పాటలే.”

“పాటలు మళ్ల ఎక్కిస్త. ఫోటోలైతే లేవు గద?”

రెండోసారి కూడా లేవని చెప్పించుకున్నాకే మీట నొక్కాడు. నాలుగైదు సెకన్లు. పని అయిపోయింది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బజార్లలో ఏ మొబైల్ దుకాణం ముందు నిలబడినా ఈ మాట వినపడుతుంది: ఫార్మాట్ కొట్టడం. మన భాషలో ‘కొట్టడం’ చాలా పనులకు వస్తుంది. జాబితాలో పేరు కొట్టేస్తే ఉన్నది పోతుంది. కాగితం మీద ముద్ర కొడితే లేనిది వస్తుంది. ఫార్మాట్ కొట్టడం ఈ రెండింటిలో ఏది? ఆ నాలుగైదు సెకన్లలో ఏం జరిగిందో వరసగా చూస్తే జవాబు దొరుకుతుంది.

ముందు వస్తువు సంగతి. మైక్రో ఎస్‌డీ కార్డు పొడవు 15 మిల్లీమీటర్లు, వెడల్పు 11. ఒంటి మందం 0.7 మిల్లీమీటరు, గోరు ఆనించి లాగడానికి వీలుగా ఒక్క అంచున మాత్రం ఒక మిల్లీమీటరు. 2004లో శాన్‌డిస్క్ సంస్థ దీన్ని ట్రాన్స్‌ఫ్లాష్ పేరుతో తెచ్చింది. మరుసటి ఏడు మైక్రో ఎస్‌డీ అని పేరు మారింది. వెనకవైపు బంగారు రంగులో ఎనిమిది రేకులు కనిపిస్తాయి. ఒకటి కరెంటు రావడానికి, ఒకటి ఎర్త్‌కు, ఒకటి లయ తప్పకుండా తాళం వేసే గడియారానికి, ఒకటి ఆజ్ఞలు అందుకోవడానికి. మిగిలిన నాలుగూ సమాచారం రావడానికీ పోవడానికీ. రేకుల వెనక, నల్లటి ప్లాస్టిక్ లోపల రెండు రకాల సిలికాన్ ముక్కలున్నాయి: సమాచారం దాచే ఫ్లాష్ చిప్పు, దాని మీద పెత్తనం చేసే కంట్రోలర్. ఈ కంట్రోలర్ చిన్నపాటి కంప్యూటరే.

ఫ్లాష్ చిప్పులో సమాచారం ఎలా నిలుస్తుందో అర్థం కావడానికి గద్వాలలో దూరం పోనక్కర్లేదు, మగ్గం గుంట దగ్గరికి వెళ్తే చాలు. చీర కొంగుకూ అంచుకూ డిజైను దించే జకార్డ్ మగ్గం మీద, తలపైన అట్టల దండ వేలాడుతుంటుంది. అట్టలో రంధ్రం ఉన్నచోట సూది దూరి పోగు లేస్తుంది. రంధ్రం లేనిచోట పోగు లేవదు. డిజైను మొత్తం ఈ ‘ఉంది, లేదు’ లెక్కే. ఫ్లాష్ గదిదీ అదే లెక్క. చుట్టూ నిరోధక పొర కట్టిన బుల్లి గదిలోకి ఎలక్ట్రాన్లను బలవంతంగా నెట్టి బంధిస్తారు. అవి ఉంటే సున్నా, లేకపోతే ఒకటి. నేటి కార్డుల్లో ఒక్కో గదిలో ఎంత మోతాదు ఉందో కొలిచి రెండు మూడు అంకెలు కూడా దాస్తారు. అట్టకు ఒకసారి పొడిచిన రంధ్రం పూడదు. ఈ గదిని మాత్రం ఖాళీ చేసి మళ్లీ నింపవచ్చు. కరెంటు లేకపోయినా ఏళ్ల తరబడి నిలిచే ఈ నాండ్ ఫ్లాష్‌ను 1987లో తోషిబాలో ఫుజియో మసుఒకా బృందం లోకానికి చూపింది.

దీనికి ఒక చిక్కు ఉంది. రాయడం చిన్న చిన్న పుటలుగా రాయవచ్చు. చెరపడం మాత్రం అలా కుదరదు; వందల పుటలున్న దిమ్మె మొత్తాన్ని ఒక్కసారే చెరపాలి. బడిపిల్లాడు పలక మీద ఒక్కో వరసా రాస్తాడు, ఒక్క అక్షరం తప్పినా పలకంతా తుడిచి మళ్లీ రాస్తాడనుకోండి, అలాగ. పైగా ప్రతి దిమ్మెకూ ఇన్నిసార్లే చెరిపించుకోగలిగే ఓపిక ఉంటుంది. అందుకే కంట్రోలర్ ఒకే దిమ్మెను పదేపదే వాడకుండా పని అన్నిటికీ పంచుతుంది. ఈ తిప్పలన్నీ తను పడుతూ, బయట ఫోనుకు మాత్రం ఒక చదునైన నేలను చూపిస్తుంది: 512 బైట్ల సెక్టార్లు, సున్నా నుంచి వరస నంబర్లు. 32 జీబీ కార్డులో అలాంటివి దాదాపు 6 కోట్ల 25 లక్షలు.

ఇంత నేల ఉంది కానీ అది బీడు. మళ్లు లేవు, గట్లు లేవు, ఏ మడి ఎవరిదో చెప్పే పద్దు లేదు. ఫార్మాట్ చేసే పని ఈ మూడూ ఏర్పరచడం.

మొదటి అడుగు సున్నా నంబరు సెక్టారులో పడుతుంది. వాడుకునే నేల ఎక్కడ మొదలవుతుంది, ఎంత పొడవు, ఏ పద్ధతిలో సాగు అన్నది అక్కడ రాస్తారు. ఆ 512 బైట్లలో చివరి రెండూ ఎప్పుడూ ఒకటే: హెక్సా లెక్కలో 55, ఏఏ. వాటిని ఒకట్లూ సున్నాలుగా విప్పితే 01010101, ఆ వెంటనే 10101010. అల్లికలో ఒక పోగు పైకి, ఒక పోగు కిందికి పోయినట్టు ఉంటుంది. ఈ ముద్ర లేకపోతే ఫోను ఆ సెక్టారును నమ్మదు.

రెండో అడుగు చూస్తే తయారుచేసినవాళ్ల నేర్పు తెలుస్తుంది. 32 జీబీ వరకు ఉండే ఎస్‌డీహెచ్‌సీ తరగతి కార్డును ప్రమాణం ప్రకారం ఫార్మాట్ చేస్తే, నేల ఒకటో సెక్టారు నుంచే మొదలుకాదు. మధ్యలో వేల సెక్టార్లు వదిలేసి 8192వ సెక్టారు దగ్గర మొదటి గట్టురాయి పాతుతారు. 8192ను 512తో గుణిస్తే సరిగ్గా 4 ఎంబీ. ఫైళ్లు కూర్చునే నేల కూడా 4 ఎంబీల హద్దు మీదే మొదలయ్యేలా సర్దుతారు. ఎందుకంటే లోపల చెరిపే దిమ్మెలు పెద్దవి. పైన గీసిన మడి కింద రెండు దిమ్మెల మీద సగం సగం పడితే, ఒక్క మడి మార్చడానికి రెండు దిమ్మెలు కదిలించాలి. హద్దు మీద హద్దు కూర్చుంటే ఆ బాధ ఉండదు. కళ్లకు కనిపించని గట్టు కింద, అంతకంటే కనిపించని మరో గట్టుతో గీత కలిపి గీయడమిది.

మూడో అడుగు బూట్ సెక్టారు. దీన్ని ఊరి నక్షా అనుకోవచ్చు. సెక్టారు ఎంత, మడి ఎంత, పద్దు పుస్తకాలు ఎన్ని అన్నవన్నీ ఇందులో ఉంటాయి. ఈ తరగతి కార్డులో ఒక మడి, అంటే క్లస్టరు, 64 సెక్టార్లు, 32 కేబీ. ఈ నక్షా చెడిపోతే ఎలా అని, అక్కడి నుంచి ఆరో సెక్టారులో దాని నకలు ఒకటి పెడతారు.

నాలుగోది అసలైన పద్దు: ఫైల్ అలకేషన్ టేబుల్. అందరూ ఫ్యాట్ అని పిలిచేది దీన్నే. 1977లో మైక్రోసాఫ్ట్‌లో మార్క్ మెక్‌డొనాల్డ్ మొదలుపెట్టిన ఊహ ఇది. ప్రతి మడికీ ఈ పట్టికలో 4 బైట్ల గడి ఒకటి ఉంటుంది. గడిలో సున్నా ఉంటే మడి ఖాళీ. వేరే అంకె ఉంటే ‘దీని తర్వాత ఆ నంబరు మడికి పో’ అని. గొలుసు ముగిసేచోట ఒక ముగింపు గుర్తు. 3 ఎంబీల ఫోటో తీశారనుకోండి. దానికి 96 మళ్లు కావాలి. ఆ 96 ఒక్కచోటే ఉండాలని లేదు. మొదటిది ఇక్కడ, రెండోది దూరంగా, మూడోది మరోచోట ఉన్నా ఫరవాలేదు. ఒక గడి చెయ్యి పట్టుకుంటే అది రెండోదాని దగ్గరికి, రెండోది మూడోదాని దగ్గరికి తీసుకుపోతుంది. 95 సార్లు దారి చూపించాక 96వ గడి ‘ఇక ఆపు’ అంటుంది.

32 జీబీకి సుమారు పది లక్షల మళ్లు. మడికి 4 బైట్ల లెక్కన పద్దు సుమారు 4 ఎంబీ. ఈ పద్దు పోతే ఊరంతా పోయినట్టే కనుక దీన్ని రెండు నకళ్లు రాస్తారు. మొత్తం 8 ఎంబీ. అంటే నాలుగు వేల ఎకరాల ఊరికి పద్దు పుస్తకాలు పెట్టిన చోటు ఒక్క ఎకరం.

చివరిది మొదటి మడి, అంటే రూట్ డైరెక్టరీ. దీని నంబరు సాధారణంగా రెండు. పట్టికలో సున్నా, ఒకటి గడులు పట్టిక తన సొంత గుర్తులకు అట్టిపెట్టుకుంటుంది కాబట్టి మళ్ల లెక్కే రెండుతో మొదలవుతుంది. ఇక్కడ ఒక్కో ఫైలుకు 32 బైట్ల చీటీ: పేరు, తేదీ, పరిమాణం, మొదటి మడి నంబరు. పొడుగు పేర్లకు అదనపు చీటీలు. ఫార్మాట్ అయిన క్షణాన ఈ మడి దాదాపు ఖాళీ.

ఇప్పుడు ఆ నాలుగైదు సెకన్ల రహస్యం విడిపోతుంది. క్లాస్ 10 కార్డు సెకనుకు కనీసం 10 ఎంబీ రాయాలని నియమం. ఫార్మాట్ రాసేది ఆ 8 ఎంబీల పద్దు, పైన కొన్ని సెక్టార్లు. అది ఒక సెకను పని. కార్డు మొత్తం నింపాలంటే అదే వేగంతో 50 నిమిషాలు దాటుతుంది.

మరి పాత ఫోటోలు ఏమవుతాయి? పహాణీలో పేరు కొట్టేస్తే చేను మాయమవదు. ఒక ఫైలును తొలగించినప్పుడు ఫ్యాట్ పద్ధతిలో చీటీ మీది పేరులో మొదటి బైటు స్థానంలో ఈ5 అని పడుతుంది, గొలుసు గడులు సున్నా అవుతాయి. మళ్లలో పైరు అలాగే ఉంటుంది. కంప్యూటరులో క్విక్ ఫార్మాట్ కొడితే పద్దు మొత్తం కొత్తదవుతుంది. అయినా మళ్లు చెక్కుచెదరవు. ప్రతి జేపెగ్ ఫోటో ఎఫ్‌ఎఫ్, డీ8 అనే బైట్లతోనే మొదలవుతుంది. ఫోటోలు వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ పద్దుతో పని లేకుండా చేలన్నీ తిరిగి ఆ గుర్తు కోసమే వెతుకుతుంది. ఫోనులో ఫార్మాట్ కొడితే అంత ధీమా పనికిరాదు. ఆండ్రాయిడ్ కొత్త పద్దు రాసే ముందు ‘ఈ నేలంతా ఇక అక్కర్లేదు’ అని కంట్రోలర్‌కు కబురు కూడా పంపుతుంది. కంట్రోలర్ ఆ మాట పట్టుకుని దిమ్మెలు చెరిపేస్తే వెతకడానికి పైరే ఉండదు.

ఆండ్రాయిడ్ 6.0 నుంచి, అంటే 2015 నుంచి, కొన్ని ఫోన్లు ఫార్మాట్ ముందు మరో ప్రశ్న వేస్తాయి: పోర్టబులా, ఇంటర్నలా? పోర్టబుల్ అంటే ఇప్పటిదాకా చెప్పుకున్న పద్ధతే. కార్డును ఏ ఫోనులోనైనా, కంప్యూటరులోనైనా చదవవచ్చు. ఇంటర్నల్ అంటే కార్డు ఆ ఫోను ఇంటి మనిషైపోతుంది. రాసేదంతా రహస్య లిపిలో రాసి, తాళంచెవి ఫోనులోనే ఉంచుకుంటుంది. ఫోను పాడైతే తాళం తీసేవాళ్లుండరు. మా ఇంట్లో ఒక పెళ్లి ఫోటోలు అలాగే పోయాయి. కార్డు ఇప్పటికీ డ్రాయరులో భద్రంగా ఉంది; ఫోటోలు అందులోనే ఉన్నాయి; చూడటానికే లేదు.

64 జీబీ, ఆపైన కార్డులకు పద్ధతి మారుతుంది. ఇప్పటిదాకా చెప్పుకున్న పద్ధతి ఫ్యాట్32. దాని చీటీలో ఫైలు పరిమాణం రాసే చోటు 4 బైట్లే, కాబట్టి 4 జీబీ నిండిన వీడియో అందులో పట్టదు. దాని బదులు 2006లో వచ్చిన ఎక్స్‌ఫ్యాట్ వాడతారు. అందులో మడికి ఒక్క బిట్టు చొప్పున ఖాళీయా కాదా అని గుర్తుంటుంది. మళ్లన్నీ వరసగా దొరికితే గొలుసు రాయనే రాయదు. మొదలూ పొడవూ చాలు. కొన్ని పాత ఫోన్లకు ఈ పద్ధతి తెలియదు. కార్డు బాగున్నా పాడైందంటాయి. అందుకే ఏ పరికరంలో వాడతామో అందులోనే ఫార్మాట్ కొట్టడం మేలు.

ఈ లెక్కంతా తెలిస్తే నకిలీ కార్డు కథా తెలుస్తుంది. పైన 64 జీబీ అని ముద్ర, లోపల అందులో పదోవంతు నేల. కంట్రోలరే అబద్ధం చెబుతుంది. ఫార్మాట్ మాత్రం చక్కగా అయిపోతుంది. ఎందుకంటే అది రాసేది మొదట్లో ఉండే కాస్త చోటే. నేల లేని చోట మడి రాసిన సంగతి చాలా రోజులకు, ఫోటో తెరిస్తే సగం బూడిదరంగు వచ్చినప్పుడు బయటపడుతుంది. దొంగను పట్టాలంటే కార్డు చివరిదాకా నింపి, మళ్లీ చదివి సరిచూడాలి. ఎఫ్3, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ఉచిత సాధనాలు ఆ పనే చేస్తాయి.

ఇక ఆవిడ కార్డుకు వచ్చిన రోగం ఏమిటో ఊహించడం కష్టం కాదు. ఫోను పనిలో ఉండగా, ఎజెక్ట్ చేయకుండా కార్డు లాగితే పద్దులో సగం రాసిన గడులు మిగిలిపోతాయి. ఒక నకలు ఒకటి చెబుతుంది, రెండోది మరొకటి చెబుతుంది. చేలు బాగానే ఉంటాయి, పద్దే తప్పు. కుర్రాడు చేసింది పద్దు మళ్లీ రాయించడం. కొత్త ఫోనులో ఆ 32 జీబీ కార్డు వేయగానే ‘29.8 జీబీ ఖాళీ’ అని కనిపించింది. 32 ఏమైందని ఆవిడ అడగలేదు గానీ, అక్కడ ఎవరూ ఏమీ దొంగిలించలేదు. తయారీదారు జీబీ అంటే వంద కోట్ల బైట్లు. ఆ ఫోను లెక్కలో జీబీ అంటే అంతకంటే ఏడు శాతం ఎక్కువ. నేల అదే, కొలిచిన గొలుసు వేరు.

ఖాళీ అన్న ఆ మాట వెనక పది లక్షల మళ్లు, వాటి కింద హద్దుకు హద్దు కలిపిన గట్లు, ఆరో సెక్టారులో దాచిన నక్షా, రెండు నకళ్ల పద్దు ఉన్నాయి. ముద్ర కొట్టడమూ కొట్టేయడమూ ఒక్క మీటలోనే జరిగాయి. ముద్రలో తప్పు జరిగితే ఆదుకోవడానికి నకళ్లున్నాయి. కొట్టేసినదానికి నకలు లేదు. ఫ్యాట్ రాసినవాళ్లు పద్దును రెండుసార్లు రాయించింది భయంతోనే. గద్వాల కుర్రాడు ఫోటోలు లేవు గదా అని రెండుసార్లు అడిగిందీ ఆ భయంతోనే.