సాక్ష్యం ఎంతో మాట అంతే

సువార్త చరిత్రతో ముడిపడిన సందేశం. పొంతి పిలాతు ఏలుబడిలో యేసును సిలువ వేశారనీ, ఆయన తిరిగి లేచాడనీ ప్రకటిస్తుంది. కనుక వినేవారు ఆధారం అడగడం న్యాయమే. ఆ ప్రశ్నకు మర్యాదగా, లోతుగా జవాబిచ్చిన చిన్న పుస్తకం ఎఫ్.ఎఫ్. బ్రూస్ రాసిన 'ది న్యూ టెస్టమెంట్ డాక్యుమెంట్స్: ఆర్ దే రిలయబుల్?'. తొలి ముద్రణ 1943లో వచ్చింది.

బ్రూస్ 1910లో స్కాట్లండులోని ఎల్గిన్‌లో పుట్టారు. తండ్రి ఊరూరా తిరిగిన సువార్తికుడు. కొడుకు గ్రీకు, లాటిన్ సాహిత్యాలు చదివి ఎడిన్‌బరో, లీడ్స్ విశ్వవిద్యాలయాల్లో గ్రీకు బోధించారు. తండ్రి తపన, గ్రీకు పంతులు పట్టుదల రెండూ ఈ పుస్తకంలో కనిపిస్తాయి.

పనితనమంతా వాదాన్ని పేర్చిన వరుసలో ఉంది. అధ్యాయాలు పదే. కొత్త నిబంధనను దైవవాక్యమని ముందే ఒప్పుకోమని బ్రూస్ అడగరు. ఏ ప్రాచీన గ్రంథానికైనా పెట్టే పరీక్షలే దీనికీ పెడతారు. మొదట రాతప్రతులు. సీజర్ గాల్ యుద్ధ చరిత్రకు మిగిలిన మంచి ప్రతులు తొమ్మిదో పదో. వాటిలో పాతది కూడా సీజర్‌కు సుమారు 900 ఏళ్ల తర్వాతది. లివీ రాసిన 142 సంపుటాల్లో దక్కినవి 35. కొత్త నిబంధన గ్రీకు ప్రతులు వేలల్లో ఉన్నాయి. 1935లో ప్రచురితమైన యోహాను సువార్త పపైరస్ ముక్కను బ్రూస్ క్రీ.శ. 130 ప్రాంతానిదిగా తీసుకున్నారు. ఇప్పటి పండితులు ఆ కాలాన్ని ఇంకాస్త విశాలంగా చెబుతారు.

ప్రతులు ఎన్ని ఉన్నా, అందులో రాసిన సంగతి నిజమని వాటితోనే తేలదు. అందుకే సువార్తలు, పౌలు పత్రికల తర్వాత లూకా రచనల పరిశీలన వస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. రోమా పాలనలో పదవులు ప్రాంతాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారేవి. కుప్ర క్రీ.పూ. 22లో సెనేట్ ఆధీనంలోకి వెళ్లింది. లూకా అక్కడి అధికారికి దానికి తగ్గ హోదానే ఇచ్చాడు. కొరింథులో పౌలును ఎవరి న్యాయపీఠం ముందు నిలబెట్టారో ఆ రోమా అధిపతి గల్లియో కాలం డెల్ఫీ శాసనం వల్ల క్రీ.శ. 51-52 ప్రాంతమని తేలింది. ఇలాంటి చిన్న వివరాల్లో తడబడని రచయితను పెద్ద విషయాల్లో తేలిగ్గా తోసిపుచ్చలేమన్నదే బ్రూస్ వాదం.

యూదు చరిత్రకారుడు జోసీఫస్ దగ్గర బ్రూస్ నిజాయితీ మరింత వెలుగుతుంది. యేసును గురించిన ప్రసిద్ధ వాక్యాలను ఉన్నదున్నట్టు తన పక్షాన వాడుకోలేదు. వాటిలో క్రైస్తవ లేఖకుల చెయ్యి పడిందని ఒప్పుకుని, మిగిలిన దానితోనే వాదించారు.

పాండిత్యం విశ్వాసాన్ని పుట్టించలేదు. వినేవారి న్యాయమైన సందేహానికి జవాబు చెప్పగలదు. వేదికల మీద పురావస్తు 'రుజువులు' ఉత్సాహంగా చెప్పే మన బోధకులు ఈ పుస్తకం చదవాలి. ఆధారం ఎంతవరకు పలుకుతుందో అంతవరకే మాట్లాడితే, వినేవారు మిగతా మాటనూ నమ్మకంతో వింటారు.