ఫ్లష్ ట్యాంకు మూత తీసి చూస్తే

మిక్సీ చెడితే విప్పి చూసేవాళ్లు కూడా ఫ్లష్ ట్యాంకు జోలికి పోరు. అదేదో అసహ్యమైన పని అనుకుంటారు. నిజానికి అందులో ఉండేవి కుళాయిలో వచ్చే నీళ్లే. మూత ఎత్తి చూడండి, ఎంత పనితనముందో!

ఒక పక్కన నీళ్లు వచ్చే వాల్వ్, దానికో ప్లాస్టిక్ ఫ్లోట్. నీళ్లు పెరిగేకొద్దీ ఫ్లోట్ పైకి లేచి, వాల్వ్‌లోని రబ్బరు ముక్కను రంధ్రానికి అదుముతుంది. అంటే లోపలికొచ్చిన నీళ్లే తమ దారిని మూసేస్తాయి. మనం వేలు అడ్డం పెట్టి ఆపడం కష్టమైన ధారను ఓ బోలు డబ్బా ఎలా ఆపుతోంది? పాత రకం ట్యాంకులో కిటుకంతా ఫ్లోటును పట్టుకున్న కడ్డీ పొడవులో ఉంది. ఫ్లోటు కడ్డీ కీలుకు దూరంగా, రబ్బరు దగ్గరగా ఉండటంతో చిన్న తోపుడే ఎన్నో రెట్లవుతుంది.

మధ్యనున్న స్తంభం ఇంకా ముచ్చటైనది. బటన్ నొక్కగానే అడుగునున్న రబ్బరు రింగుతో సహా లేస్తుంది. అప్పటిదాకా రింగును అదిమిపట్టింది పైనున్న నీటి బరువే. లేచాక మాత్రం దానికున్న గాలి గది దాన్ని తేలుస్తుంది కాబట్టి వేలు తీసినా వెంటనే కూర్చోదు, మట్టం పడిపోయాకే దిగుతుంది. చిన్న బటన్ నొక్కితే ముందుగానే దిగి, ఆరు లీటర్లకు బదులు మూడుతో సరిపెడుతుంది. ఈ రెండు బటన్ల ఏర్పాటును 1980లో ఆస్ట్రేలియాలోని కరోమా కంపెనీ కోసం బ్రూస్ థాంప్సన్ రూపొందించాడు. స్తంభం నడుమ బోలుగా ఉండటమూ ఊరికే కాదు. ఫ్లోట్ మొరాయిస్తే నీళ్లు ఇంట్లోకి పొంగకుండా అందులోంచే కమోడ్‌లోకి పోతాయి.

గొలుసు లాగే పాత ఇనుప ట్యాంకుల్లో అడుగున రబ్బరు మూతే ఉండేది కాదు. గొలుసు లాగి వదిలితే బరువైన ఇనుప గంట కిందికి పడి, నీళ్లను గొట్టం అంచు దాటిస్తుంది. అక్కణ్నుంచి సైఫన్ మిగతా నీళ్లన్నీ లాగేస్తుంది. అడుగున మూత లేదు కాబట్టి కారే బెడదా లేదు. బ్రిటన్‌లో ఇళ్లకు అడుగు వాల్వ్ ట్యాంకులను 2001లో గానీ అనుమతించలేదు. కారకపోవడమే గొప్పయితే నా ఓటు ఇప్పటికీ సైఫన్‌కే.

ఇప్పటి ట్యాంకుకు ప్రాణం స్తంభం అడుగునున్న ఆ రబ్బరు రింగే. మన బోరు నీళ్లకు దానిమీద తెల్లగా ఉప్పు పట్టేస్తుంది. ఇసుక రేణువు ఒక్కటి చిక్కినా చాలు, రాత్రీ పగలూ సన్నటి ధార చప్పుడు లేకుండా జారిపోతుంది. ట్యాంకులో కాస్త ఫుడ్ కలర్ కలిపి అరగంట ఫ్లష్ చేయకుండా ఆగండి. కమోడ్‌లో రంగు కనిపిస్తే కారుతున్నట్టే. యాంగిల్ కాక్ కట్టేసి, ట్యాంకు ఖాళీ చేసి, స్తంభాన్ని కాస్త తిప్పితే చాలా రకాల్లో ఊడి వస్తుంది. రింగును కడగండి, ఉప్పు వదలకపోతే వెనిగర్‌లో కాసేపు నానబెట్టండి, గట్టిపడితే మార్చేయండి. ట్యాంకులో యాసిడ్ మాత్రం పోయకండి, లోపలి భాగాలు దెబ్బతింటాయి. నీటిమట్టం ఆ బోలు స్తంభం పై అంచుకు అంగుళం కిందే ఆగేలా ఫ్లోట్ స్క్రూ తిప్పుకోండి. ప్లంబర్ ట్యాంకంతా మార్చాలంటే, ముందు ఆ రింగు తీసి చూపించమని అడగండి.