వెలుగు ఎక్కడిది, చూపు ఎవరిది?

1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’లో శశిరేఖాభిమన్యులు పడవపై విహరించు వెన్నెలను తెలుగువారు తరతరములుగా చూచుచున్నారు. అది చంద్రుడు కురిపించినది కాదనియు, మార్కస్ బార్ట్‌లీ అను ఛాయాగ్రాహకుడు కల్పించినదనియు తెలిసినవారు సైతము, పాట సాగుచున్నంతసేపు ఆ సంగతి మరతురు. ఆంగ్లో ఇండియన్ కుటుంబమున పుట్టి, ‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’ చిత్రములకును కెమెరా పట్టిన ఆ మహనీయుని ప్రజ్ఞను వేనోళ్ల పొగడుట సులభము. ఆ వెన్నెలను మనము నమ్మునట్లు చేసినదేమో విచారించుట ప్రయోజనకరము. నలుపు తెలుపుల చిత్రములో వెన్నెలకు నీలిరంగు సహాయము లేదు. కావున దానిని వెన్నెలగా ఒప్పింపగలవి మూడే: కాంతి వచ్చు దిశ, నీడల గాఢత, నీటిపై తళుకు.

ఈ విచారణ నేడు మన ముంగిటికే వచ్చినది. 2017 నవంబరులో మెట్రో రైళ్లు మొదలైన నాగోల్ స్టేషను క్రిందను, మూసీ వంతెనపైనను, కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ వీధులలోను, లఘుచిత్రములు తీయు యువకులు చేతిఫోనుతోనో అద్దె కెమెరాతోనో కనబడుచుందురు. ఎల్.బి.నగర్ కూడలి నుండి విజయవాడ రహదారి పట్టి హయత్‌నగర్ దాటినచో 1996లో వెలసిన రామోజీ ఫిల్మ్ సిటీ గలదు. ఆ దారిన పోవలెనను కోరిక వీరిలో పలువురికి ఉండుట సహజమే. వీరు మొదట అడుగు ప్రశ్న, “సెట్టింగులు ఎంతెంత పెట్టవలెను?” అనునది. బార్ట్‌లీ వంటివారి పనిని శ్రద్ధగా చూచినచో ఈ ప్రశ్న చివర రావలసినదని తెలియును. మొదట తేల్చుకొనవలసినవి రెండు: ఈ సన్నివేశమున వెలుగు ఎక్కడిది? ఈ చూపు ఎవరిది? అంకెలన్నియు వీనికి వచ్చు సమాధానములను అనుసరించును.

దృశ్యపు వెలుతురును కెమెరాలో మూడు నిర్ణయించును: లెన్సులోని రంధ్రము, అనగా అపర్చరు, ఒక్కొక్క ఫ్రేము కాంతికి ఎదురై యుండు కాలము, అనగా షట్టరు వేగము, కాంతికి చలించు గుణము, అనగా ఐ.ఎస్.ఓ. ఉమ్మడి కుటుంబపు జమాఖర్చువలె ఇందొకటి పెరిగిన మరియొకటి తగ్గవలసినదే. అపర్చరు అంకెలు 2, 2.8, 4, 5.6, 8, 11, 16, 22 అని సాగును. అంకె పెరిగిన కొలది రంధ్రము చిన్నదగును, ఒక్కొక్క మెట్టునకు కాంతి సగమగును. రంధ్రము పెద్దదైనచో ముఖము స్పష్టమై వెనుకనున్నది మసకబారును; చిన్నదైనచో ముఖమును వీధియు ఒకే స్పష్టతతో నిలుచును. సెకనుకు 24 ఫ్రేములు తీయునపుడు షట్టరును 1/50 దగ్గర ఉంచుట వాడుక; అప్పుడు విసిరిన చేయి కంటికి అలవాటైన కొద్దిపాటి మసకతో కదలును. 1/500 ఉంచినచో కదలిక తునుకలై తెగినట్లు తోచును.

మిట్టమధ్యాహ్నమున నాగోల్ వంతెనపై ఒక షాటు తీయదలచితిమనుకొందము. ఐ.ఎస్.ఓ. 100, షట్టరు 1/50 అయినచో ఆ ఎండకు అపర్చరు సుమారు 22 కావలెను. అప్పుడు పాత్రధారి ముఖముతోబాటు వెనుకనున్న బస్సులు, హోర్డింగులు, కరెంటు తీగలు అన్నియు సమానాధికారముతో కన్నుల బడును. ఊరి రద్దీయే కథయైనచో అది తగును. ఆ రద్దీలో ఒంటరియైన మనిషిది కథయైనచో అపర్చరును 2.8కు తెరవవలెను, అనగా ఆరు మెట్లు, 64 రెట్ల కాంతి. దీనిని షట్టరుతో సరిచేసిన కదలిక చెడును గనుక, కాంతిని 1/64 వంతునకు తగ్గించు ఎన్.డి. ఫిల్టరును లెన్సు ముందు బిగింతురు.

సంధ్యవేళ స్టేషను క్రింది టీ కొట్టు దగ్గర సమస్య మారును. మన దేశపు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది. పలు దీపములు దాని ననుసరించి సెకనుకు 100 మార్లు మినుకును. షట్టరు 1/50గాని 1/100గాని ఉన్నచో ఆ మినుకు కనబడదు. 1/60 ఉన్నచో తెరపై వెలుతురు అలలాడవచ్చును. రంగు సంగతి వేరు. తీగ బల్బుది సుమారు 3200 కెల్విన్ పసుపు, పగటి వెలుగుది సుమారు 5600. కొట్టులోని బల్బును తెలుపుగా ఒప్పుకొన్నచో బయటి ఆకాశము నీలమగును; ఆకాశమును ఒప్పుకొన్నచో కొట్టు పసుపుపచ్చని ఆశ్రయమగును. ఇందేది మేలో కెమెరా చెప్పలేదు. టీ త్రాగుచున్నవాడు ఇల్లు చేరినవాడో, ఇల్లు విడిచినవాడో తెలిసినవాడే చెప్పగలడు.

దీపములు అమర్చుటలో ప్రథమపాఠము కీ, ఫిల్, బ్యాక్ అను మూడు లైట్లు. కీ లైటు ముఖమునకు ఆకృతినిచ్చును, ఫిల్ నీడలను పలుచన చేయును, బ్యాక్ లైటు తలను భుజములను వెనుకటి చీకటి నుండి విడదీయును. దూరము రెట్టింపైన కాంతి నాలుగవ వంతునకు తగ్గును. కావున దీపమును ఒక అడుగు జరుపుట సామాన్యమైన పని కాదు. చిన్నదై దూరమున నున్న దీపము కరకు నీడ వేయును. దానినే తెల్లని థర్మోకోల్ అట్టపై కొట్టి మరలించినచో వెలుగు మెత్తబడును. అయినను కిటికీ ఎడమ ప్రక్క కనబడు గదిలో కీ లైటు కుడి నుండి వచ్చినచో, కారణము తెలియని ప్రేక్షకునికి సైతము ఏదో పొసగనట్లు తోచును. వెలుగు ఎక్కడిదో చెప్పలేని చోట ఎన్ని దీపములున్నను నమ్మకము కుదరదు.

ఈ మాటకు రెండవ సాక్షి ఇషాన్ ఆర్య. 1975లో బాపు తీసిన ‘ముత్యాల ముగ్గు’కు ఆయన వర్ణ ఛాయాగ్రహణమున జాతీయ పురస్కారము నందెను. బార్ట్‌లీ లేని వెన్నెలను కల్పించినాడు. ఆర్య గోదావరి సీమలో ఉన్న వెలుగును ఆశ్రయించినాడు. ఆ చిత్రములోని కంట్రాక్టరు ఎఱ్ఱని ఉదయాకాశమును చూచుచు సెక్రటరీతో పలుకు సన్నివేశమున ఆ యెఱ్ఱదనము అలంకారమై ఊరకుండక, మాట్లాడువాని క్రౌర్యమునకు సాక్ష్యమగుచున్నది. దారులు వేరైనను ఇద్దరి ఫ్రేములలోను వెలుగునకు చిరునామా యున్నది.

ఇక చూపు ఎవరిదో తెలుపునది షాటు. లాంగ్ షాటు మనిషిని చోటుతో కలిపి చూపును, మిడ్ షాటు సంభాషణకు అనువగును, క్లోజప్ మనసును దగ్గర చేయును. కెమెరా క్రిందినుండి చూచిన వ్యక్తి పెద్దయగును, పైనుండి చూచిన చిన్నయగును. ఇద్దరు ఎదురెదురుగ మాటలాడునపుడు వారి నడుమ ఒక గీత ఊహించి, కెమెరాను దానికి ఒకే వైపున నిలుపవలెను. గీత దాటినచో ‘లుక్’ తప్పి, ఇద్దరును ఒకే దిక్కు చూచుచున్నట్లగును. కదలు కెమెరాకు సైతము కారణముండవలెను. 1989 నాటి ‘శివ’లో రామ్ గోపాల్ వర్మ, ఛాయాగ్రాహకుడు ఎస్. గోపాలరెడ్డి కెమెరాను కుదుపులేక కదలనిచ్చు స్టెడీకామ్‌ను వాడినపుడు, ప్రేక్షకుడు దూరము నుండి చూచువాడుగా మిగులక, పాత్రల వెంట పరుగిడువాడైనాడు.

నేటి ఫోను ఈ నిర్ణయములన్నియు తానే చేయుదునని ముందుకు వచ్చును. దాని కొలమానమునకు ఆధారము సగటు. తెల్లని గోడ నిండిన ఫ్రేమును బూడిదరంగునకు దించును, చీకటిగది నిండిన ఫ్రేమును అదే బూడిదరంగునకు లేపును. సూర్యోదయమునకును ట్యూబులైటునకును దాని లెక్కలో భేదము కొలతయే గాని అర్థము కాదు. అందుచేత నేర్చువారు మొదట ఆటోను కట్టివేసి, ఒకే మెట్రో స్తంభము ప్రక్కన ఒకే మనిషిని ఉదయము, మధ్యాహ్నము, సంధ్యవేళ తీసి, ప్రతి షాటు క్రింద వెలుగు ఎక్కడిదో, చూపు ఎవరిదో, అందువలన ఏయే అంకెలు పెట్టితిమో వ్రాసికొనుట మేలు. దీనికి పైకము అక్కరలేదు. అద్దె దీపములు, కొత్త లెన్సులు వచ్చునాటికి వానితో ఏమి చేయించుకొనవలెనో ఆ నోటుపుస్తకము చెప్పగలదు.