కిన్నెరకు వారసులెవరు?

"వాళ్ల పిల్లలే నేర్చుకోవడం లేదు, ఇక కిన్నెర ఎన్నాళ్లుంటుంది?" జానపద వాయిద్యాల మీద ఎవరు ఏం రాసినా చివరికి ఈ నిట్టూర్పు దగ్గరే ఆగుతారు. ఈ వారం కూడా అదే చదివి చిరాకేసింది. నిట్టూర్చే వాళ్ల పిల్లలు ఇంజనీరింగు చదవచ్చు, తరతరాలుగా కిన్నెర వాయించే డక్కలి ఇంటి పిల్లాడు మాత్రం తాత మోసిన సొరబుర్రలనే మోస్తూ ఊరూరా తిరగాలన్నమాట! ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పేచీ కూడా గుర్తుండే ఉంటుంది: మ్యూజియం అద్దాల బీరువాలోకి చేరిన వాయిద్యం చచ్చినట్టే లెక్క అని. కిన్నెర గురించి ఆలోచిస్తూ పోతే, ఎక్కడో ఐరోపాలో పుట్టిన వయోలా ద గాంబ అనే వాయిద్యం అడ్డం వచ్చి ఈ పేచీని కూడా నిలదీసింది.

ఇటాలియన్‌లో గాంబ అంటే కాలు. చిన్నదైనా పెద్దదైనా కాళ్ల మధ్యనో ఒళ్లోనో నిలబెట్టుకుని కమానుతో వాయిస్తారు కాబట్టి ఆ పేరు. మామూలుగా ఆరు తంత్రులు. మన వీణ మెట్లను మైనంలో నిలబెడతారు. గాంబకు పేగు తంతినే మెడ చుట్టూ బిగించి ఏడు మెట్లు కడతారు. ఇబ్రహీం కుతుబ్‌షా గోల్కొండను ఏలుతున్న నాటికి (1550–1580) ఐరోపా ఆస్థానాల్లో దానికి మంచి వైభవం. ఇంగ్లండులో కలిగినవాళ్లు చిన్నవీ పెద్దవీ కలిపి ఆరింటిని ఒక పెట్టెలో ఉంచేవారు. సాయంత్రం నలుగురు కూడితే పెట్టె తెరిచి తలా ఒకటి అందుకునేవారు. అది సభ కోసం వాయించే సంగీతం కాదు, వాయించేవాళ్లు తమ కోసం వాయించుకునే సంగీతం. తర్వాత పెద్ద హాళ్లు వచ్చాయి, గట్టిగా పలికే వయొలిన్ జాతి ముందుకొచ్చింది. 1787లో లండన్‌లో కార్ల్ ఫ్రెడరిక్ ఆబెల్ చనిపోవడంతో గాంబ విద్వాంసుల వరుస ముగిసిందనుకున్నారు. దాదాపు వందేళ్ల తర్వాత ఆర్నాల్డ్ డోల్మెచ్ బ్రిటిష్ మ్యూజియంలో పాత గాంబ రచనలను చూసి, వాయిద్యాలను బాగుచేసి, కొత్తవి చేసి, ఇంటిల్లిపాదితో వాయింపించాడు. 1974లో గాంబ విద్వాంసుడు జోర్డి సవాల్ బృందం హెస్పెరియన్ మొదలైంది. 1980లలో లండన్‌లో ఫ్రెట్‌వర్క్ అనే బృందం పూర్తిగా ఈ వాయిద్య కుటుంబం కోసమే పుట్టింది. ఫ్రెట్ అంటే మెట్టు, ఆ పేరులోనే మెట్లున్నాయి.

వీళ్లలో ఆబెల్‌కు మనవడూ లేడు, శిష్యుడూ లేడు. అందరూ బయటివాళ్లే. ఇది ఒక్క గాంబ సంగతే అనుకోనక్కర్లేదు. గాంబను పక్కకు నెట్టిన వయొలిన్ మన దక్షిణాదికి వచ్చినప్పుడు దాన్ని అందుకున్న బాలుస్వామి దీక్షితర్ దానికి ఏ వరసా కాడు. ఆ దారిలోనే తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు విజయనగరంలో కూర్చుని పరదేశపు వాయిద్యంతో రాగాన్ని తెలుగువాడి గొంతులా పలికించాడు. రక్తసంబంధం వాయిద్యాన్ని కొన్ని తరాలు మోస్తుంది. అది తెగినప్పుడు నిలబెట్టేది మాత్రం ఇష్టపడి వచ్చిన పరాయివాడే.

కిన్నెర విషయంలో ఈ వాదం చెల్లదని అడ్డుపడేవాళ్ల దగ్గర గట్టి కారణమే ఉంది. గాంబ చచ్చినా దాని పాట కాగితం మీద మిగిలింది. కిన్నెరకు కాగితం లేదు. పదమూడో శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో కిన్నరీ వీణను వర్ణించాడు, పాల్కురికి సోమన బసవపురాణంలో కిన్నెర బ్రహ్మయ్య కథ చెప్పాడు. వర్ణన దొరికింది, కథ దొరికింది, వాయింపు మాత్రం దొరకలేదు. పన్నెండు మెట్ల కిన్నెరతో జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాడే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన వేళ్లకు తెలిసింది ఏ బీరువాలోనూ లేదు. అంటే గాంబలా వందేళ్లు నిద్రపోయి లేచే వెసులుబాటు కిన్నెరకు లేదు. ఒప్పుకుంటాను. కానీ దీనివల్ల వాదం వీగిపోలేదు, గడువు దగ్గరపడింది. పరాయివాళ్లు ఇప్పుడే రావాలి, నేర్పే చేతులు ఉండగానే.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. పై కులాల పిల్లలు కిన్నెర పట్టుకుంటే కథను వదిలేసి మోతను మాత్రం తీసుకుంటారని, అవమానాన్ని మోసినవాడు ఒకడైతే చప్పట్లు అందుకునేవాడు మరొకడవుతాడని. ఈ భయం న్యాయమైనదే. దీనికి జవాబు తలుపు మూయడంలో లేదు, గురువు పీట మీద ఎవరు కూర్చోవాలో తేల్చుకోవడంలో ఉంది. డక్కలి కళాకారుడు యాచకుడిగా కాక జీతం తీసుకునే అయ్యవారిగా బడిలోకి రావాలి. డక్కలివాళ్లు పాడే జాంబపురాణం, సాయన్న కథ, సొరబుర్ర ఎండబెట్టే పద్ధతి, మైనంతో మెట్టు నిలిపే పద్ధతి అన్నీ ఆయన దగ్గరే, ఒకే పాఠంగా నేర్చుకోవాలి. ఆయన పిల్లలు ఇంజనీర్లయితే సంతోషం. అది కళకు ద్రోహం కాదు.

మరి ఐదారు కిన్నెరలతో ఫ్రెట్‌వర్క్ లాంటి బృందం కట్టాలా? అక్కర్లేదు. కిన్నెర ఒంటరి కథకుడి తోడు, దాన్ని వరసల్లో నిలబెడితే కథ వినబడదు. గాంబ దగ్గర నేర్చుకోవాల్సింది బృందాన్ని కాదు, ఆ పెట్టెను. చివరికి నా పాత పేచీ కూడా అక్కడే మెత్తబడింది. మ్యూజియం అలమరలో కాగితాలు లేకపోతే డోల్మెచ్‌కు ఏం దొరికేది? అందుకే బీరువా మీద కోపం తగ్గించుకుంటున్నాను, దాని తాళం మీద మాత్రం కాదు. యాచారం లాంటి ఒక ఊరి బడిలో ఒక పెట్టె, అందులో నాలుగు కిన్నెరలు, వారానికి రెండు రోజులు వచ్చే అయ్యవారు. సాయంత్రం బడి వదిలాక ఎవరి పిల్లలైనా సరే, ఆ మూత తెరిచి తలా ఒకటి అందుకోగలగాలి.